మాస్కులో బొగ్గు

వెంకటాపురం నుంచి ఒక పాఠకుడు ఈ వారం ఫోన్ చేశారు. "మాస్టారూ, కొబ్బరి చిప్ప బొగ్గును మీరు పొగడని నెల లేదు. మా ఊళ్లో ఇంటికో బొగ్గు మాస్కు ఇప్పిస్తే చాలదా? ఆ రోజు అవి ఉండుంటే మావాళ్లు కొందరైనా బతికేవాళ్లు కదా" అన్నారు. గోపాలపట్నంలో మందుల షాపులో నల్ల పొర ఉన్న మాస్కు చూశారట. ప్యాకెట్టు మీద 'యాక్టివేటెడ్ కార్బన్, అన్ని విషవాయువుల నుంచీ రక్షణ' అని ఉందట.

ఆ మాట విని నాకు మొదట ఉత్సాహమే వచ్చింది. సింహాచలం కొండ మీద, సంపత్ వినాయకుడి గుడి దగ్గర కొట్టే కాయల చిప్పలు చూసినప్పుడల్లా వీటితో ఎంత పని చేయించుకోవచ్చో అని ప్రాణం కొట్టుకుంటుంది. పాత పాఠకులకు నా ఈ పిచ్చి తెలిసిందే. పైగా ఆయన చెప్పిందాంట్లో రసాయనం బాగానే కుదిరింది. 2020 మే 7 తెల్లవారుజామున వాళ్ల ఊళ్లోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి వచ్చింది స్టైరీన్ ఆవిరి. 12 మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్ అణువులో చదునైన బెంజీన్ వలయం ఉంటుంది. యాక్టివేటెడ్ కార్బన్ లోపలి గోడలు కూడా అలాంటి ఆరు కర్బనాల వలయాలు అల్లుకున్న పలచటి రేకులే. ఆ రేకు మీద స్టైరీన్ పరుచుకుని పడుకుంటుంది, అంత తేలిగ్గా లేవదు.

ఆ కార్బన్ కోసం చిప్పను గాలి తగలకుండా మాడ్చి, ఆ బొగ్గులోకి 900 డిగ్రీల వేడి దగ్గర నీటి ఆవిరి పంపుతారు. ఆవిరి కర్బనాన్ని కొద్దికొద్దిగా కొరుక్కుంటూ కార్బన్ మోనాక్సైడ్‌గా పట్టుకుపోతుంది. అది కొరికిన చోటల్లా సందులు పడతాయి. చిప్ప బొగ్గులో చాలా సందులు 2 నానోమీటర్ల లోపువే. ఒక్క గ్రాములో ఆ సందుల గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పాతిక సెంట్ల స్థలం. డీఎన్ఏ ఫొటోతో పేరొచ్చిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ అంతకుముందు పనిచేసింది బొగ్గుల మీదే. కొన్ని బొగ్గుల్ని 3000 డిగ్రీలకు కాల్చినా గ్రాఫైట్‌గా మారవని 1951లో చూపించింది. వాటిలో రేకులు వరసగా పేర్చినట్టు ఉండవు. ఒకదానికొకటి అడ్డంపడి బిగుసుకుపోయి ఉంటాయి. చిప్ప బొగ్గు ఆ జాతిదే. అందుకే అంత వేడిలోనూ దాని సందులు పూర్తిగా మూసుకుపోవు.

ఇక్కడి దాకా వచ్చేసరికి డిగ్రీ కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. బీఎస్సీ చదివినవాళ్లు ఈ ప్రయోగం చేసే ఉంటారు. ఆరు సీసాల్లో ఆరు గాఢతల ఎసిటిక్ ఆమ్లం, ఒక్కో దాంట్లో గ్రాము బొగ్గు పొడి. మూత బిగించి ఊపడం, అరగంట ఆగడం, వడకట్టడం, సోడాతో టైట్రేషన్. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు తిరగ్గానే బ్యూరెట్ ఆపాలి. పలచటి ఆమ్లంలోంచి బొగ్గు చాలా భాగం లాగేసేది. చిక్కటి సీసాకి వచ్చేసరికి లాగినదానికంటే వదిలేసిందే ఎక్కువ. సందులున్నంతవరకే దాని బలం, నిండాక అది ఉత్త మసి. పిల్లలు గ్రాఫులో చుక్కలు కలిపి మార్కులు వేయించుకుని వెళ్లిపోయేవారు. నేను మాత్రం వాళ్లను త్రాసు దగ్గర ఆపేవాణ్ని. ఓవెన్‌లో ఆరబెట్టిన బొగ్గును డెసికేటర్‌లోంచి తీసి వాచ్‌గ్లాసులో పెడితే, ఎవరూ ముట్టుకోకుండానే చివరి అంకెలు పైకి పాకేవి. విశాఖ గాలిలోని తడి మా కళ్లముందే ఆ పాతిక సెంట్లలోకి చేరిపోతూ ఉండేది.

ఫోన్ చేసినాయనకు నా జవాబు అక్కడే ఉంది. రేకుల అంచుల్లో ఆక్సిజన్ అంటుకున్న చోట్లుంటాయి: కార్బాక్సిల్, ఫినాల్, లాక్టోన్ లాంటివి. నీటికి అవి ఇష్టం. ముందు అక్కడ చేరి, గాలిలో తేమ సగానికి మించితే పక్క సందుల్నీ నింపేస్తుంది. ప్యాకెట్టు విప్పి అలమారలో ఏళ్ల తరబడి ఉంచితే గాలి సోకి ఆ చోట్లు ఇంకా పెరుగుతాయి. మన సముద్రపు గాలిలో అలా పడున్న మాస్కులో స్టైరీన్‌కి మిగిలే జాగా ఎంత? పైగా ఆ షాపు మాస్కులో ఉండేది పలచటి పొర, చెంపల దగ్గర గాలికి దారి వదిలేసే కుట్టు. కర్మాగారాల్లో వాడే కార్ట్రిడ్జి మాస్కు వేరు. అందులో గట్టిగా కూరిన బొగ్గుంటుంది, ముఖానికి అతుక్కునే రబ్బరుంటుంది, గడువు తేదీ ఉంటుంది. అదైనా అన్ని వాయువులకూ ఒకటే పనిచేయదు. అమ్మోనియాకి ఆమ్లం పట్టించిన బొగ్గు కావాలి. ఉక్కు కర్మాగారం గ్యాసులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ని మామూలు బొగ్గు అసలు ఆపలేదు. 'అన్ని విషవాయువుల నుంచీ' అని ప్యాకెట్టు మీద అచ్చు వేయడం ప్రాణాలతో ఆడుకోవడమే.

కాబట్టి ఇంటికో మాస్కు అన్న ఆలోచనకు, ఇంత బొగ్గు పక్షపాతిని నేనే అడ్డం చెబుతున్నాను. ఎల్‌జీ పాలిమర్స్ ప్రమాదం మీద నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని హైపవర్ కమిటీ ఏం చెప్పిందో గుర్తు చేసుకోండి. ట్యాంకు వేడిని అడుగున మాత్రమే కొలిచారు. స్టైరీన్ తనంతట తాను గడ్డకట్టకుండా ఆపే టీబీసీ మందు నిల్వ లేదు. సైరన్ మోగించే ఏర్పాటు ఉండీ మోగించలేదు. తెల్లవారుజాము మూడింటికి నిద్రలో ఉన్నవాడు అలమారలోని మాస్కు కోసం లేవాలంటే ముందు సైరన్ మోగాలి. సైరన్ వింటే ఆ మాస్కు వెతుక్కునే సమయంలో గాలికి అడ్డంగా నడిచి మెరక మీదికి చేరడం మేలు, స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు.

మాస్కు కోసం పెట్టే డబ్బు జేబులోనే ఉంచుకోండి. మీ వీధికి దగ్గరున్న కర్మాగారంలో సైరన్ చివరిసారి ఎప్పుడు మోగించి చూశారో వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి.