రేణువు పైపొర

అనంతపురం ఎర్రమట్టిని అగేటు రోట్లో నూరి, జల్లెడ పట్టి, అది కాంతిని ఎంత తిప్పికొడుతుందో చూడడానికి కొలతగిన్నెలో నింపడం నా పని. గాజుపలకతో పైన చదును చేసేటప్పుడు ఊపిరి బిగబడతాను. కాస్త ఎక్కువ ఒత్తితే ఒక లెక్క, వదులుగా వదిలితే ఇంకో లెక్క. దీపం ఏ కోణంలో ఉందో, పక్కనున్న తెల్ల పలక ఎంత శుభ్రంగా ఉందో, అన్నీ చూసుకోవాలి. మా నాయన గుప్పెడు మట్టి పిసికి, చెనక్కాయ విత్తడానికి పదునుందో లేదో చెప్పేవాడు. మట్టి ముందు ఆ ఓపిక ఆయన దగ్గర నేర్చిందే.

కంటికి ఎర్రగా మెరిసే ఈ మట్టి అతినీలలోహిత కాంతిలో దాదాపు నల్లన. తుప్పుపట్టిన ఇనుము ఆ కాంతిని మింగేస్తుంది. చందమామ మట్టిలోనూ ఇనుముంది. నీళ్ళూ గాలీ కరువైన ఆ చోట దానికి తుప్పు పట్టడం అరుదు. సౌరగాలి, సూక్ష్మ ఉల్కల దెబ్బలకు అది నానోమీటర్ల నలుసులై రేణువుల పైపొరలో చేరి, మట్టిని నల్లబరుస్తుంది.

మామూలు వెలుగు రేణువు లోపలికి దూరి తిరిగి బయటికొస్తుంది. లోతైన అతినీలలోహితం పైపొర దగ్గరే ఆగిపోతుంది. 200 నానోమీటర్ల లోపు కాంతిని గాలే మింగేస్తుంది కాబట్టి శూన్యపు గదిలో కొలవాలి. వాగ్నర్, హాప్కే, వెల్స్ 1987లో 92 నానోమీటర్ల దాకా కొలిచిన పట్టికలను ఎన్నిసార్లు తిరగేశానో. చందమామ మీద మనకు నల్లగా కనబడే మచ్చలు ఆ లోతు కాంతిలో తెల్లటి ఎత్తు నేలలకన్నా కాస్త ఎక్కువ వెలుగుతాయి. 1972లో అపోలో 17 నౌకలోని పరికరం చూసిన ఈ తారుమారు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

తమిళనాడులోని సిత్తంపూండి అనార్థొసైట్ రాయిని పొడిచేసి ఇస్రో చందమామ మట్టికి నకలు తయారుచేసింది. రోవర్ చక్రాల పరీక్షకు అది చక్కగా సరిపోయింది. సౌరగాలి సోకిన పైపొర మాత్రం దానికి లేదు. ఈ తారుమారు ఎందుకన్న నా ప్రశ్నకు కావలసింది ఆ పొరే.

అందుకే ఈసారి చేలో మట్టి తవ్వలేదు. వాన వెలిసి ఎండిన పైపెచ్చును బ్లేడుతో మెల్లగా లేపి, నూరకుండా, ఒత్తకుండా గిన్నెలో పెట్టాను.