కారే కారు

ఏసీ చల్లబడటం లేదంటే "గ్యాస్ అయిపోయి ఉంటుంది, నింపిస్తే సరి" అంటారు. ఈ మాట ఎంత వాడుకలో ఉందో అంత తప్పు. పెట్రోలు అయిపోతుంది, బ్రేకు ప్యాడు అరిగిపోతుంది, ఇంజన్ ఆయిల్ కొంత కాలిపోతుంది. ఏసీలో గ్యాస్ అలా ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో ఒకచోట ద్రవంగా, మరోచోట ఆవిరిగా మారుతూ తిరుగుతుంటుంది. కారు లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేసి మళ్లీ లోపలికి వస్తుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాటే. అయిపోయిందనుకున్నవాడు నింపిస్తాడు, కారిందనుకున్నవాడు వెతుకుతాడు. పాత స్పోర్ట్స్ కారు ఏసీని యజమాని తన చేతులతో బాగుచేసుకోవచ్చా అనే ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉందని నా వాదన. లీకు వెతకడం, మూయడం అచ్చంగా అతని పని. ఉన్న గ్యాస్‌ను బయటికి తీయడం మాత్రం అతని పని కాదు.

1984 నుంచి 1989 దాకా అమ్మిన పోర్షే 911 కరెరా 3.2ను తీసుకుందాం. మన రోడ్ల మీద అరుదు గానీ అమెరికాలో, యూరప్‌లో ఇప్పటికీ బాగా తిరుగుతున్న బండి. నడవడంలో ఎంత పేరు తెచ్చుకుందో, చల్లదనం విషయంలో అంత అపకీర్తి మూటగట్టుకుంది. డాలస్, ఫీనిక్స్ ఎండలు మన రెంటచింతల ఎండకేమీ తీసిపోవు కాబట్టి అక్కడ ఇది చిన్న ఫిర్యాదు కాదు. కారణం దాని ఒంటి తీరులోనే ఉంది. ఇంజన్ వెనకుంది కాబట్టి దానికి బెల్టుతో తిరిగే కంప్రెసరూ వెనకే ఉండాలి. కూలింగ్ కాయిల్ మాత్రం ముందు, సామాను పెట్టుకునే చోటు దగ్గర ఉంది. వేడిని బయట పారేసే కండెన్సర్లు రెండు. ఒకటి వెనక ఇంజన్ మూతకు తగిలించారు, రెండోది ముందు బంపర్ కింద దాచారు. వీటన్నిటినీ కలపాలంటే గ్యాస్ కారు పొడవునా ముందుకెళ్లి, మళ్లీ పొడవునా వెనక్కి రావాలి. ఆ దారిలో చాలా భాగం రబ్బరు హోసే. అప్పటి హోసుల లోపల నైలాన్ పొర ఉండేది కాదు. పైకి ఒక్క పగులూ లేకపోయినా రబ్బరు గోడలోంచే గ్యాస్ మెల్లగా ఊరిపోతుంది, మట్టికుండ చెమర్చినట్టు. కుండకు అది గుణం, హోసుకు దోషం. పైగా ఇంజన్ మూత ఎత్తి దించినప్పుడల్లా వెనక కండెన్సర్ గొట్టాలు వంగుతాయి. బండి ఆపగానే ఇంజన్ వేడంతా పైకి లేచి ఆ కండెన్సర్ మీదికే వస్తుంది. 1989లో వచ్చిన తర్వాతి తరం 964లో పోర్షే ఇంజనీర్లే ఆ మూత కండెన్సర్‌ను తీసేసి, కండెన్సర్‌ను ముందు చక్రం దగ్గరికి తెచ్చారు. ఇంతకు మించిన ఒప్పుకోలు పత్రం అక్కర్లేదు.

ఇలాంటి వ్యవస్థలో లీకు ఒక్కచోట ఉండదు. ముప్పై అయిదేళ్ల బండిలో పది చోట్ల కొంచెం కొంచెంగా ఉంటుంది. అందుకే ఇది యజమానికి కుదిరే పని అంటున్నాను. వర్క్‌షాపులో మెకానిక్ గంటల లెక్కన పనిచేస్తాడు. పొద్దున వచ్చిన బండి సాయంత్రానికి వెళ్లకపోతే అతనికి నష్టం. పెద్ద లీకు దొరికితే మూసి, గ్యాస్ పోసి పంపేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. రాత్రంతా ఒత్తిడి పెట్టి ఉంచి, తెల్లారి గేజీ ముల్లు వెంట్రుకవాసి దిగిందా లేదా చూసి, మళ్లీ ఒక్కో జాయింటూ తడిమే తీరిక షెడ్డులో సొంత కారున్నవాడికే ఉంటుంది.

ఆ వెతుకులాట ఎలా ఉంటుందో చూడండి. మొదట కళ్లతోనే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా గొట్టాల్లో తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ కారినచోట ఆయిల్ తడి మిగులుతుంది. దానిమీద రోడ్డు దుమ్ము పేరుకుని నల్లటి జిడ్డు కడుతుంది. మిగతా గొట్టం పొడిగా ఉండి ఒక్క నట్టు చుట్టూ మాత్రం ఆ జిడ్డుంటే అనుమానించాలి. తర్వాత, గ్యాస్ ఖాళీ చేయించిన గొట్టాల్లోకి రెగ్యులేటర్ బిగించిన సిలిండర్‌తో పొడి నైట్రోజన్ ఎక్కించి 10 బార్ల దగ్గర ఆపాలి. మండుటెండలో నిలబెట్టిన కారు గొట్టాల్లో ఎలాగూ ఇంచుమించు అంత ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఇందులో సాహసమేమీ లేదు. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి చిన్న బ్రష్షుతో ప్రతి జాయింటు మీదా పూయాలి. పెద్ద లీకైతే బుడగ టప్పున లేస్తుంది. చిన్న లీకు దగ్గర మొదట ఏమీ కనబడదు. రెండు నిమిషాలాగితే హోసు, లోహపు చివర కలిసే నొక్కుడు పట్టీ దగ్గర చీమతల కన్నా చిన్న బుడగలు గుంపుగా, పాలమీద నురగలా తెల్లగా పొంగుతాయి. ఆ హోసుకు మందు లేదు, మార్చాల్సిందే. నట్టు దగ్గరైతే విప్పి, లోపలున్న 'ఓ రింగు' అనే రబ్బరు వలయం మార్చాలి. రెండు స్పానర్లు పట్టాలి, ఒకటి ఆపడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్కదానితోనే లాగితే బిగుసుకుపోయిన నట్టుతో పాటు అల్యూమినియం గొట్టం కూడా జంతికలా మెలిపడుతుంది. పాత ఓ రింగు చేతికి వచ్చినప్పుడు గోటితో నొక్కితే తెలుస్తుంది, అది రబ్బరులా కాకుండా ప్లాస్టిక్ గాజులా గట్టిపడి, ఒకవైపు చదునై ఉంటుంది.

వ్యాక్యూమ్ పెడితే లీకు తెలుస్తుంది కదా అంటారు. చాలా షాపుల్లో ఆ ఒక్క పరీక్షతోనే సరిపెడతారు. కానీ వ్యాక్యూమ్‌లో బయటికీ లోపలికీ తేడా ఎంత ఎక్కువైనా ఒక్క బారే, అదీ బయటినుంచి లోపలికి. నడిచేటప్పుడు ఒత్తిడి దానికి పది, పదిహేను రెట్లు, అదీ లోపలినుంచి బయటికి. పీల్చినప్పుడు అతుక్కుపోయే ఓ రింగు తోసినప్పుడు ఊడిపోవచ్చు. వ్యాక్యూమ్ అసలు ఉపయోగం వేరు, తేమను తీయడం. 30 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే ఒత్తిడి మామూలు 760 మిల్లీమీటర్ల పాదరసం నుంచి 32కు దిగాలి. మంచి పంపు దాన్ని దాటి దిగుతుంది. లోపలి తడి ఆవిరై బయటికి పోవడానికి కొంత సమయమివ్వాలి, అయిదు నిమిషాలకే ఆపేయకూడదు. మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, గ్యాస్‌తోనూ ఆయిల్‌తోనూ కలిసి లోహాన్ని తినే ఆమ్లమవుతుంది. గొట్టాలు విప్పినప్పుడల్లా తేమను పీల్చే డ్రయ్యర్‌ను మార్చమనేది ఇందుకే.

డబ్బా కొని గేజీ చూస్తూ గ్యాస్ నింపుకునే పద్ధతి ఎందుకు పనికిరాదో చెప్పడానికి మన వంటింటి సిలిండరే చాలు. నిండు సిలిండర్ అయినా, అడుగున కాస్త ద్రవం మిగిలిన సిలిండర్ అయినా స్టవ్ మంట ఒకేలా వెలుగుతుంది. అందుకే అమ్మలు సిలిండర్‌ను ఎత్తి బరువు చూస్తారు. లోపల ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడి వేడిని బట్టే ఉంటుంది, పరిమాణాన్ని బట్టి కాదు. ఆగి ఉన్న కారులోనూ అంతే. 30 డిగ్రీల దగ్గర ఆర్134ఎ అనే ఏసీ గ్యాస్ గేజీలో సుమారు 6.7 బార్లు చూపిస్తుంది. అందులో ఉండాల్సినంత ఉన్నా, సగం ఉన్నా అదే అంకె. ఇంజన్ నడుస్తుండగా వచ్చే అంకెలు కొంత చెబుతాయి గానీ ఎండ, ఫ్యాను వేగం, కండెన్సర్ శుభ్రత అన్నీ కలిసి వాటిని మారుస్తాయి. గ్యాస్ తక్కువైతే చల్లబడదు, ఎక్కువైతే ఒత్తిడి పెరిగి కంప్రెసర్ చెడుతుంది. త్రాసు తప్ప నమ్మదగిన సాక్షి లేదు.

పాత బండిలో ఇంకో చిక్కుంది. ఈ కార్లు ఆర్12 అనే గ్యాస్‌తో పుట్టాయి. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం దాన్ని తయారుచేసినప్పుడు మంట అంటుకోదు, విషం కాదు అని మెచ్చుకున్నారు. 1974లో రసాయన శాస్త్రవేత్తలు మోలినా, రోలండ్ అది ఓజోన్ పొరను తినేస్తుందని చూపారు. 1987లో ఇలాంటి గ్యాస్‌లను అదుపుచేసే మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. అమెరికాలో దాని తయారీ 1995తో ఆగిపోయింది. అందుకే చాలామంది ఆర్134ఎకు మారుతున్నారు. మారడమంటే ఒక గ్యాస్ తీసి మరోటి పోయడం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పాత మినరల్ ఆయిల్ ఈ గ్యాస్‌లో కలవదు, కంప్రెసర్‌కు తిరిగి రాదు, కంప్రెసర్ పొడారిపోతుంది. ఎస్టర్ ఆయిలో పీఏజీ ఆయిలో పోయాలి. కొత్త గ్యాస్ అణువు చిన్నది కాబట్టి నైలాన్ పొర లేని పాత హోసులోంచి మరింత తేలిగ్గా జారుకుంటుంది. కండెన్సర్ 60 డిగ్రీలకు వేడెక్కితే ఆర్12 ఒత్తిడి దాదాపు 15 బార్లుంటే, ఆర్134ఎది దాదాపు 17. అసలే ఊపిరాడని 911 కండెన్సర్లకు ఇది అదనపు బరువు. పాత బరువులో 80 నుంచి 90 శాతమే నింపమనే అనుభవ సూత్రం ఇక్కడినుంచే వచ్చింది. హోసులూ కండెన్సరూ మార్చకుండా గ్యాస్ మార్చి, ఆనక ఆర్134ఎలో చల్లదనం లేదని తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

గ్యాస్‌తో సంబంధమే లేని తప్పులూ ఉంటాయి, వాటినీ యజమానే పట్టుకోగలడు. ఈ 911 ఇంజన్‌కు రేడియేటర్ నీళ్లు లేవు. సైలెన్సర్ వైపు వెళ్లే వేడి గొట్టాల మీదుగా వచ్చిన గాలే దాని హీటరు. ఆ గాలిని ఆపే రేకు తలుపులు తుప్పుపట్టి సగం తెరిచి ఉండిపోతే, ఏసీ చల్లబరుస్తుండగా హీటరు వేడి పోస్తుంటుంది. కాళ్ల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే తెలిసే సంగతికి ఎన్నిసార్లు గ్యాస్ నింపినా ఏం లాభం?

ఇక అభ్యంతరాలు. ప్రమాదం కాదా అంటే, అజాగ్రత్తగా ఉంటే అవును. ద్రవం చర్మం మీద పడితే మంచు కాటు, కంట్లో పడితే చూపుకే ముప్పు, కళ్లద్దాలూ చేతి తొడుగులూ లేకుండా దగ్గరికి వెళ్లకూడదు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కిస్తే లోపలి ఆయిల్‌తో కలిసి పేలుతుంది. ఆర్12 బదులుగా కొందరు అమ్మే ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమాలు మనుషులు కూర్చునే గదిలోకి వంటగ్యాస్ గొట్టం వేసినట్టే. అయినా ఇవన్నీ తెలుసుకుని పాటించగలిగినవే. జాకీ మీద లేపిన కారు కిందికి దూరడం కన్నా ఇది ప్రమాదకరమని నేననుకోను. పంపు, గేజీలు, త్రాసు కొనే ఖర్చుతో షాపులోనే చేయించుకోవచ్చు కదా అంటే, ఒక్కసారి గ్యాస్ నింపడానికైతే నిజమే. లీకు మూయకుండా ప్రతి వేసవికీ నింపించే బిల్లుతో పోల్చి చూడాలి. స్పోర్ట్స్ కారుకు ఏసీ ఎందుకు, అద్దాలు దించుకుంటే పోలా అనేవాళ్లు మే నెలలో ఒకసారి ప్రయత్నించి చూడొచ్చు.

బలమైన అభ్యంతరం ఒక్కటే: అన్నీ తనే చేసుకోగలిగినవాడు పాత గ్యాస్ మాత్రం ఎందుకు తీయకూడదు? కారు తనది, గ్యాస్ తనది. ఇక్కడే నేను ఒప్పుకోను. ఒక్క కిలో ఆర్12 గాల్లో కలిస్తే భూమి వేడెక్కే లెక్కలో అది 10,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. సుమారు 4,700 లీటర్ల పెట్రోలు కాల్చినంత. నట్టు కాస్త వదులు చేస్తే నిమిషాల్లో పోతుంది, వాసనా ఉండదు, పొగా ఉండదు, చూసేవాడూ ఉండడు. ఓజోన్‌కు జరిగే హాని దీనికి అదనం. ఆర్134ఎ ఓజోన్‌ను తాకదు గానీ దాని లెక్కా కిలోకు 1,430 కిలోలు. అమెరికాలో కావాలని గ్యాస్ వదలడం ఆర్12కు 1992 నుంచి, ఆర్134ఎకు 1995 నుంచి నేరం. సొంత కారు అనే మినహాయింపు లేదు. గ్యాస్‌ను పీల్చి సిలిండర్‌లో పట్టే యంత్రం ఉన్న షాపుకు ముందు వెళ్లి, ఖాళీ చేయించుకుని, తర్వాత ఇంటికి తెచ్చి స్పానరు పట్టాలి. "ఎలాగూ అంతా కారిపోయి ఉంటుంది" అనడం సాకు. చల్లబడటం ఎప్పుడో మానేసిన కారులో కూడా కొంత మిగిలే ఉంటుంది.

తిరిగి పోయడం విషయంలో పట్టు కొంచెం సడలిస్తాను. త్రాసు మీద డబ్బా పెట్టి, తయారీదారు చెప్పిన బరువును గ్రాముల్లో తూచి ఎక్కించేవాడు, లీకు పరీక్ష నెగ్గిన వ్యవస్థలోనే ఎక్కిస్తే, యంత్రానికీ అతనికీ తేడా ఏమంత లేదు. అమెరికాలో ఆర్12 కొనాలంటే సర్టిఫికెట్ కావాలి. ఆర్134ఎ చిన్న డబ్బాలు, తమంతట తాము మూసుకునే వాల్వుంటే, ఎవరైనా కొనుక్కోవచ్చు. యూరప్‌లో శిక్షణ ఉన్నవాళ్లకే అమ్ముతారు. నా ఓటు యూరప్ పద్ధతికే, ఎందుకంటే త్రాసున్నవాడి కన్నా డబ్బా ఒక్కటే ఉన్నవాడు ఎక్కువ.

చివరగా ఒక చిన్న సంగతి. గేజీలు తగిలించే చోట కారు టైరుకున్నట్టే చిన్న పిన్ను వాల్వులు రెండుంటాయి. ఆ పిన్ను మెల్లగా కారుతూనే ఉంటుంది, దాన్ని నిజంగా ఆపేది పైనున్న మూత, దానిలోని చిన్న రబ్బరు రింగు. పాత బండ్లలో చాలావాటికి ఆ మూతలే ఉండవు. పని ముగిశాక ఇంజన్ మూత వేసేముందు ఆ రెండూ బిగించారో లేదో చూసుకోండి.