అమ్మమ్మ వాదం, అత్తాకోడళ్ళ వాదం

ఆడవాళ్ళకు యాభై ఏళ్ళ దరిదాపుల్లో ముట్లుడుగుతాయి. ఆ తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్ళు నిక్షేపంగా బతుకుతారు. కాన్పుల కాలం దాటాక ఇంత ఆయుష్షు ఎందుకున్నట్టు? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడటానికి అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్ తగిన చోటు. మైక్రోసాఫ్ట్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో, కూతురి పురుడు కోసం విమానమెక్కి వచ్చిన తెలుగు అమ్మమ్మలకు కొదవలేదు.

మొదటి జవాబు 1998లో క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు చెప్పింది. టాంజానియాలో వేట మీద, ఏరుకొచ్చిన తిండి మీద బతికే హాడ్జా జనంలో ముసలమ్మలు గంటల తరబడి దుంపలు తవ్వుతారు. తల్లి చంటిబిడ్డతో సతమతమయ్యే రోజుల్లో, పాలు మానిన పెద్దబిడ్డ ఒళ్ళు చేయడం అవ్వ తవ్వకాన్ని బట్టి ఉంటుంది. అలాంటి అవ్వల సంతతే ఎక్కువగా నిలిచింది, ఆయుష్షు పెరిగింది, అండాశయాల గడువు మాత్రం పాతదే మిగిలింది అంటారు వాళ్ళు.

రెండోది 2008లో మైకేల్ కాంట్, రూఫస్ జాన్‌స్టన్ చెప్పింది. సాయం సరే, కాన్పులు ఆగడం దేనికి అన్నది వీళ్ళ ప్రశ్న. బయటినుంచి వచ్చిన కోడలికి అత్త కనే బిడ్డలతో రక్తసంబంధం లేదు. అత్తకు మాత్రం మనవడిలో తన పాలుంది. ఉన్న తిండిని ఇద్దరి పిల్లలూ పంచుకోవాల్సి వస్తే, తగ్గడం అత్తకే లాభం.

విచిత్రమేమిటంటే, వాషింగ్టన్, బ్రిటిష్ కొలంబియా తీరాల్లోని ఓర్కా తిమింగలాలు ఇద్దరి పక్షానా సాక్ష్యం చెప్పాయి. తల్లీకూతుళ్ళు ఒకే కాలంలో ఈనితే తల్లి బిడ్డకు చావు ముప్పు 1.7 రెట్లని 2017 నాటి అధ్యయనం తేల్చింది. ఈతలుడిగిన అమ్మమ్మ పోయిన రెండేళ్ళలో మనవలకు ఆ ముప్పు 4.5 రెట్లని 2019లో మరొకటి చెప్పింది. కాబట్టి ఒకటి నెగ్గితే రెండోది ఓడాలన్న పట్టింపు అక్కర్లేదు.

చాకిరీ విషయంలో నా ఓటు హాక్స్‌కే. బాత్‌టబ్ పక్కన పీట వేసుకుని, కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నలుగుపెట్టి నీళ్ళు పోసే అమ్మమ్మను చూస్తే దుంపలు తవ్వే అవ్వ గుర్తుకు రాక తప్పదు. (సాంబ్రాణి వేసేముందు స్మోక్ అలారం సంగతి అల్లుడు చూసుకోవాలి.) కానీ సాయానికి వచ్చేది ఎవరి అమ్మ, భార్య తల్లా భర్త తల్లా అన్న ప్రశ్నను సూటిగా పట్టుకుంది కాంట్, జాన్‌స్టన్‌లే. తొలి కాన్పు అత్తింట్లో కాక పుట్టింట్లో జరగాలన్న మన ఆచారం వాళ్ళ కంటపడితే సంబరపడేవారు.

అయితే వాళ్ళ లెక్కలో కోడలు పరాయి పిల్ల. మన దగ్గర మేనమామను చేసుకున్న పిల్లకు అమ్మమ్మే అత్త. ఆ అత్త కనే బిడ్డ కోడలికి మేనమామో పిన్నో అవుతుంది. మేనత్త కొడుకును చేసుకుంటే మేనత్తే అత్త. అలాంటి ఇళ్ళల్లో రక్తసంబంధాల లెక్క మళ్ళీ వేసుకోవాలి.

ఇంకో చోట రెండు వాదాలూ మూగబోతాయి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం, దేశం మొత్తం మీద 3.2 శాతం. ఇరవైల్లోనే ట్యూబెక్టమీ, ముప్ఫైల్లో అధిక రక్తస్రావమో తెల్లబట్టో, ఆపైన "పిల్లలు చాలుగా, సంచితో ఇంకేం పని" అన్న సలహా. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఆపరేషన్‌తోనే వచ్చిపడుతుంది. ఎముకల అరుగుదలా తొందరపడుతుంది. రెడ్‌మండ్‌లో మనవణ్ణెత్తుకుని మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకునే అమ్మమ్మల్లో ఇలాంటివాళ్ళూ ఉంటారు. వాళ్ళ ముట్లుడిగే వయసును తేల్చింది హాడ్జా దుంపలూ కాదు, అత్తాకోడళ్ళ పోటీ కాదు, ఊరి నర్సింగ్‌హోమ్.

రెడ్‌మండ్‌లోని ఏర్పాటు మరో మలుపు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకు మామూలుగా ఆరు నెలల గడువిస్తారు. అందుకే ముందు అమ్మమ్మ వస్తుంది, ఆమె వెళ్ళే వారానికి నానమ్మ దిగుతుంది. ఇల్లు కోడలిది, చాలా ఇళ్ళల్లో జీతమూ కోడలిదే. ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగాల్సింది అత్త. కాంట్, జాన్‌స్టన్‌ల లెక్కలో కొత్తగా అడుగుపెట్టేది కోడలు.