గడప దాటిన చప్పుడు

శనివారం రాత్రి మా మేనల్లుడి మొదటి లైవ్ షో. జూబ్లీహిల్స్‌లో ఒక చోట, పేరెందుకులెండి. లైవ్ అంటే డీజే కాదు. ఆ తేడా మీద ఈ కాలమ్‌లో ఇప్పటికి మూడుసార్లు గొంతు చించుకున్నాను కాబట్టి ఈ వారానికి మిమ్మల్ని వదిలేస్తున్నాను. ఒక ల్యాప్‌టాప్, అందులో ఏబుల్టన్, పక్కన ఒక డ్రమ్ మెషీన్, ఒక సింథ్. బీటు అక్కడికక్కడే కడతాడు, అక్కడికక్కడే విప్పుతాడు.

మొదటి పది నిమిషాలూ మేనమామ గర్వంతోనే గడిచాయి. ఆ తర్వాత ఏదో తేడా కొట్టింది. చప్పుడు పెద్దగానే ఉంది, చెవులు నొప్పెట్టేంత ఉంది, కానీ కిక్‌లో దెబ్బ లేదు. పరుపు మీద గుద్దినట్టుంది. జనం తలలూపుతున్నారు గానీ కాళ్లు కదలడం లేదు. మెల్లగా స్టేజి పక్కకు చేరి ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశాను. మాస్టర్ మీద లిమిటర్, దాని మీటరు పది డెసిబెల్స్ దగ్గర చతికిలబడి లేవనంటోంది. కింద చానెళ్లలో ఇంకా కంప్రెసర్లు ఉన్నాయి. లిమిటర్‌తో కలిపి మొత్తం ఏడు.

"ఏంట్రా ఇది?" అన్నాను షో అయ్యాక.

"గ్లూ మామయ్యా. అన్నీ ఒకదానికొకటి అతుక్కోవాలి కదా."

అతుక్కున్నాయి నిజమే, వానాకాలం డబ్బాలో మిగిలిపోయిన బెల్లం ముక్కల్లాగా.

నాకూ కంప్రెసర్‌కూ పడదని పాత పాఠకులకు తెలుసు. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కంప్రెసర్‌లో త్రెషోల్డ్ అని ఒకటుంటుంది. అచ్చంగా గడపే. గడప లోపలున్న చప్పుడు జోలికి పోదు. దాటినదాన్ని పట్టుకుంటుంది. నాలుగుకు ఒకటి రేషియో పెట్టామనుకోండి, గడప మీద ఎనిమిది డెసిబెల్స్ ఎక్కిన చప్పుడు రెండే ఎక్కినట్టు బయటికొస్తుంది. దాటిన ఎంతసేపటికి పట్టుకోవాలో చెప్పేది అటాక్, మళ్లీ లోపలికి వెళ్లాక ఎంతసేపటికి వదలాలో చెప్పేది రిలీజ్. రెండూ మిల్లీసెకన్ల లెక్క. ఇంతవరకూ మర్యాదస్తుడే. మోసమంతా చివరి గుండీలో ఉంది, మేకప్ గెయిన్. ఎత్తుల్ని నరికేశాం కదా అని మొత్తాన్నీ పైకి జరుపుతారు. అప్పుడు సన్నగా ఉండాల్సినదీ పెద్దగా ఉండాల్సినదీ ఒకే బల్ల మీద కూర్చుంటాయి. కాస్త పెద్దగా వినిపిస్తే మన చెవికి అదే బాగున్నట్టు అనిపిస్తుంది. దాంతో కుర్రాడు ఇంకొకటి తగిలిస్తాడు.

ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో ఇది బ్రహ్మాండంగానే ఉంటుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవి బేస్‌ను సరిగ్గా అందుకోలేదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే గీతలు గీసి మరీ చూపించారు. అందుకే పడగ్గదిలో కుర్రాళ్లు బేస్ పెంచుతారు, దాన్ని పిండుతారు, మళ్లీ పెంచుతారు. హాల్లో వాల్యూమ్ ఎక్కగానే ఆ బేస్ వరదొచ్చినట్టు వచ్చిపడి లిమిటర్‌ను తొక్కేస్తుంది. బేస్ కొట్టిన ప్రతిసారీ పైనున్నవన్నీ కుంగిపోతాయి.

స్పీకర్ల బాధ వేరు. మామూలు మిక్స్‌లో దెబ్బకూ దెబ్బకూ మధ్య స్పీకర్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇటుకలా పిండిన మిక్స్‌లో దొరకదు. లోపలి కాయిల్ వేడెక్కుతుంది. వేడెక్కిన తీగకు నిరోధం పెరుగుతుంది, దాంతో అది యాంప్లిఫయర్ నుంచి లాక్కునే పవర్ తగ్గుతుంది. గంట గడిచేసరికి అదే ఫేడర్ దగ్గర చప్పుడు నీరసపడుతుంది. దీన్ని పవర్ కంప్రెషన్ అంటారు. మనం పిండింది చాలక స్పీకర్ కూడా పిండుతుందన్నమాట. అప్పుడు మా వాడి లాంటివాళ్లు ఏం చేస్తారు? వాల్యూమ్ పెంచుతారు.

ఇంటికొస్తుంటే కార్లో నాకు మా ఊరి మైకు బాబాయి గుర్తొచ్చాడు.

మా గుంటూరు జిల్లా పల్లెలో అప్పట్లో మైకు సెట్టు ఉన్నది ఆయనొక్కడికే. వరస ఏదైనా ఊరందరికీ మైకు బాబాయే. ఒక అహూజా యాంప్లిఫయర్, రెండు గొట్టం స్పీకర్లు, ఒకటి వేపచెట్టుకు, ఒకటి రామాలయం ముందు తాటి దూలానికి. శ్రీరామనవమి పందిట్లో బుర్రకథంటే మూడు ఊళ్ల జనం. రాత్రి పదింటికి మైకు కట్టేయాలనే రూల్స్ 2000లో వచ్చాయి. ఆ రోజుల్లో కథ మొదలయ్యేదే పదింటికి. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటొకడు ఇటొకడు వంతలు, చేతుల్లో డక్కీలు. ముగ్గురికీ కలిపి మైకు ఒకటే. కథకుడు నోరు విప్పగానే డక్కీల చప్పుడు దానంతటదే అణిగిపోయేది, ఆయన ఆపగానే లేచేది. ఎవరూ ఎవరికీ సైగ చేసుకోరు. ఇప్పుడు కిక్ పడ్డప్పుడల్లా బేస్‌ను కిందికి దించే ఏర్పాటును సైడ్‌చెయిన్ డకింగ్ అంటున్నారు. డకింగ్ అన్నప్పుడల్లా నాకు డక్కీయే వినిపిస్తుంది. ఈ జోకు మావాడికి చెప్పాను. డాఫ్ట్ పంక్ వాళ్లు ఆలిసిస్ 3630 అనే చవక పెట్టెతో చేసింది అదేనంటాడు, నవ్వడు.

బాబాయి స్టేజి పక్కన పీట మీద కూర్చునేవాడు. ఎడం చేతిలో బీడీ, కుడి చెయ్యి యాంప్లిఫయర్ నల్ల గుండీ మీద. రాత్రంతా ఆ చెయ్యి అక్కడి నుంచి లేవదు. నేను అయిదో క్లాసులో ఉన్న ఏడు, బొబ్బిలి కథ జరుగుతోంది. "ఒరేయ్, ఇది పట్టుకో, టీ తాగొస్తా" అని ఆ గుండీ నా చేతికిచ్చి వెళ్లాడు. నా జీవితంలో అంతకు మించిన ప్రమోషన్ మళ్లీ రాలేదు. నేను కథకుడి మీసం వంకే గుడ్లప్పగించి చూస్తున్నాను. తాండ్ర పాపారాయుడు కత్తి దూసే ఘట్టం వచ్చింది. ఆయన వెనక్కి ఒరిగాడు. నేనింకా మీసమే చూస్తున్నాను. ఒక్కసారిగా గర్జించాడు. వేపచెట్టు మీది గొట్టం బర్రుమని పగిలినట్టు మోగింది. ముందు వరసలో పసిపిల్ల గుక్కపట్టింది. అప్పుడు, అంతా అయ్యాక, నేను గుండీ గబుక్కున కిందికి తిప్పాను. తిప్పి, భయంతో అక్కడే బిగుసుకుపోయాను. ఈలోగా కథ కోటలోని ఆడవాళ్ల దుఃఖంలోకి దిగింది. కథకుడి గొంతు సన్నబడింది. వెనకనుంచి "వినపడట్లా!" అని కేకలు. నా చెయ్యి మాత్రం కదల్లేదు. అటాక్ ఆలస్యమైతే ఏమవుతుందో, రిలీజ్ మరీ పొడుగైతే ఏమవుతుందో నాకు ఒకే నిమిషంలో తెలిశాయి. పేర్లు పాతికేళ్ల తర్వాత తెలిశాయి.

బాబాయి టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చి గుండీ పైకి తిప్పాడు. కొట్టలేదు. "నోరు కాదురా చూడాల్సింది, ఛాతీ" అన్నాడు. ఆ రాత్రంతా ఆయన పక్కనే కూర్చుని చూశాను. కథకుడు ఊపిరి నిండా పీల్చాడంటే, అరుపు ఇంకా గొంతులో ఉండగానే, బాబాయి వేళ్లు గుండీని వెంట్రుకవాసి వెనక్కి తెచ్చేవి.

ఇప్పటి లిమిటర్లలో కొన్నిటికి లుక్ ఎహెడ్ ఉంటుంది. కొద్ది మిల్లీసెకన్లు ముందుకు చూస్తుంది. ముందుకు చూడటమంటే చప్పుడును అంతసేపూ బయటికి పోనివ్వకుండా ఆపిపెట్టడమే. రికార్డింగ్‌లో ఫరవాలేదు. స్టేజి మీద అలాంటివి వరసగా తగిలిస్తే మీట నొక్కిన వేలికీ వినే చెవికీ మధ్య ఆ ఆలస్యాలన్నీ పేరుకుంటాయి. బాబాయి ఒక్క మిల్లీసెకను కూడా ఆపకుండా ముందుకు చూశాడు.

కాబట్టి బుధవారం సాయంత్రం మావాణ్ని ఇంటికి పిలిపించి, ప్రాజెక్టు తెరిపించి, ఏడింటినీ తీసేశాను. తీసి, పాతదానికీ కొత్తదానికీ వాల్యూమ్ సమానం చేసి వినిపించాను. లేకపోతే పెద్దగా ఉన్నదే గెలుస్తుంది. కిక్‌కు దెబ్బ తిరిగొచ్చింది. చూశావా అన్నట్టు వాడి వంక చూశాను. "సరే మామయ్యా, ఇప్పుడు వాయిస్తా, వినండి" అన్నాడు.

వాయించాడు. ఎడం చెయ్యి డ్రమ్ మెషీన్ మీద, కుడి చెయ్యి సింథ్ ఫిల్టర్ మీద. ఆ ఫిల్టర్ రెజొనెన్స్ పెంచి తెరిస్తే పుట్టే ఆ జిగట మూలుగు మీకు తెలిసిందే. చరణ్‌జిత్ సింగ్ బొంబాయిలో 1982లో టీబీ-303 మీద రాగాలు పలికించిన ఆ ఆల్బమ్ గురించి మళ్లీ ఎత్తితే మా ఎడిటర్ ఊరుకోరు, అందుకని ఆపేస్తున్నాను. వాడు ఫిల్టర్ తెరిచాడు. ఒక చోట రెజొనెన్స్ సరిగ్గా స్వరం మీద కూర్చుంది. సింథ్ మీటరు ఎర్రగీత దాటి ఎగిరింది. వంటింట్లోంచి మా ఆవిడ "ఏమైంది?" అని అరిచింది. అప్పటికి నా చెయ్యి ఫేడర్ మీద ఉంది. ఎప్పుడెళ్లిందో నాకు తెలీదు. దించింది, కానీ మళ్లీ ఆలస్యంగానే.

"రెండు చేతులూ ఖాళీ లేవు మామయ్యా," అన్నాడు వాడు, "నేను ఎవరికిచ్చి వెళ్లను?"

నిజమే. బుర్రకథలో వాయించేవాళ్లు ముగ్గురు, గుండీ పట్టుకున్నవాడు నాలుగోవాడు. వీడు ఆ ముగ్గురూ తనే. నాలుగోవాడు లేడు. హాల్లో సౌండ్ ఇంజినీరు ఉంటాడు గానీ ఆయనకు ల్యాప్‌టాప్ నుంచి అందేది రెండు వైర్లు. అందులోంచి సింథ్‌ను మాత్రం పట్టుకుని దించడం ఆయన వల్ల కాదు. 1960ల్లో వచ్చిన ఎల్ఏ-2ఏ అనే పాత కంప్రెసర్ పెట్టె ఉంది, ఎల్ఏ అంటే లెవలింగ్ యాంప్లిఫయర్. లోపల ఒక వెలిగే పలక, దాని ఎదురుగా వెలుగును బట్టి మారే సెల్. చప్పుడు పెరిగితే వెలుగు పెరుగుతుంది, వెలుగు పెరిగితే వాల్యూమ్ తగ్గుతుంది. ముఖాన పెద్ద గుండీలు రెండే. ఇన్నేళ్లూ దాన్ని యంత్రం అనుకుంటూ వచ్చాను. అది పీట మీద కూర్చున్న మనిషి, కాకపోతే ఛాతీ చూడ్డం రాదు.

ఒక్కటే పెడదామని మొదలుపెట్టాను. సింథ్ మీద, నాలుగుకు ఒకటి, గడప బాగా ఎత్తులో, ఫిల్టర్ ఎగిరినప్పుడే అందుకునేలా. తర్వాత డిలే మీద ఒకటి, ఎందుకంటే వాడు ఫీడ్‌బ్యాక్ పెంచి మర్చిపోతే ప్రతిధ్వని దాన్నదే తిని పెరుగుతుంది. కిక్ కొట్టినప్పుడు బేస్ మూడు డెసిబెల్స్ దిగేలా ఇంకొకటి. ప్యాడ్ కూడా దిగితే బాగుంటుందనిపించి మరొకటి. కిక్‌ను మాత్రం ముట్టుకోలేదు. మాస్టర్ మీద లిమిటర్ పెట్టను గాక పెట్టను అన్నాను. తొమ్మిదిన్నరకు పెట్టాను, ప్రమాదం జరిగితే తప్ప దాని మీటరు కదలకూడదన్న షరతు మీద. మధ్యలో డ్రమ్స్ మీద రెండు, సింథ్ రెండో పొర మీద ఒకటి ఎప్పుడు చేరాయో గుర్తులేదు.

"మామయ్యా, నావి ఏడు," అన్నాడు మేనల్లుడు స్క్రీన్ మీద వేలు పెట్టి, "మీవి ఎనిమిది."

వచ్చే శనివారం వాడికి ఇంకో షో ఉంది. ల్యాప్‌టాప్ పక్కన ఒక స్టూలు వేయించమని చెప్పాను.