బెదురు గుర్రం, వదులు పగ్గం

ప్లూటార్క్ రాసిన అలెగ్జాండర్ జీవితచరిత్రలో ఒక గుర్రపు బేరం వస్తుంది. థెస్సలీ వ్యాపారి ఒకడు బ్యుసెఫలస్ అనే గుర్రాన్ని 13 టాలెంట్ల వెల చెప్పి మాసిడోనియా రాజు ఫిలిప్ దగ్గరికి తెచ్చాడు. అది ఎవరినీ ఎక్కనివ్వలేదు. రాజు మనుషుల్లో ఎవరి గొంతుకూ లొంగక ముందుకాళ్ళెత్తి లేచింది. ఫిలిప్ విసుక్కుని తోలుకుపొమ్మన్నాడు. అప్పటికింకా పిల్లవాడైన అలెగ్జాండర్ ఒక సంగతి పసిగట్టాడు. అది బెదురుతున్నది నేలమీద కదులుతున్న తన నీడను చూసి. పగ్గం పట్టుకుని దాని ముఖాన్ని ఎండవైపు తిప్పాడు.

నీడ సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకంటే విలువైనవి ఆ తర్వాతి వాక్యాలు. అతను వెంటనే ఎక్కలేదు. పక్కన కొంతదూరం పరుగెత్తాడు, ఒళ్ళు నిమిరాడు, భుజాన ఉన్న వస్త్రాన్ని చప్పుడు కాకుండా జారవిడిచి తేలిగ్గా ఎక్కి కూర్చున్నాడు. పగ్గాలు కొద్దిగా మాత్రమే బిగించాడు. కొట్టలేదు, నోరు చీరుకుపోయేలా లాగలేదు. బెదురు పోయిందని తెలిశాకే దౌడు తీయనిచ్చాడు. గుర్రాల దగ్గర బతికేవాళ్ళెవరైనా ఈ వరుసను గుర్తుపడతారు. ఇంచుమించు ఆ కాలంలోనే జెనోఫోన్ అశ్వారోహణ మీద రాసిన పుస్తకంలో దీని వెనకున్న కారణం కూడా ఉంది. దేన్నైనా చూసి బెదిరిన గుర్రాన్ని కొడితే, ఆ నొప్పి ఆ వస్తువువల్లే కలిగిందనుకుని దానికి మరింత భయపడుతుందంటాడు.

గుర్రం వేటగాళ్ళ నోటికి చిక్కకుండా పరుగెత్తి బతికిన జాతి. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంతో దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోకకు సరిగ్గా వెనకా మాత్రం కొంత చోటు దానికి కనబడదు. ఎదురుగా వెళ్ళి ముఖంమీద చెయ్యి వేయబోయేవాడు ఆ కనబడని చోట్లోకే చెయ్యి చాస్తున్నాడు. పని తెలిసిన సాయిసు, అంటే గుర్రాన్ని చూసుకునేవాడు, భుజం పక్కనుంచి వస్తాడు, మూపు దగ్గర గోకుతాడు. గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునేదీ అక్కడే. ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాలమీద చేసిన పరిశోధన తేల్చింది.

గత శతాబ్దంలో గుర్రాన్ని ఇలా నెమ్మదిగా మచ్చిక చేసే విద్యకు ప్రాణం పోసినవారు అమెరికా పశ్చిమ రాష్ట్రాల పశువుల కాపరులు టామ్ డోరెన్స్ (1910–2003), రే హంట్ (1929–2009). అంతకుముందు అక్కడ ఇంకా పనికి అలవాటుపడని గుర్రాన్ని కట్టి, జీను వేసి, ఎగిరెగిరి అలిసిపోయేదాకా దాని వీపు దిగకపోవడమే రివాజు. వీళ్ళు చెప్పింది వేరు. గుర్రానికి పాఠం అందేది పగ్గం బిగించినప్పుడు కాదు, వదిలినప్పుడు. పగ్గం కాస్త బిగిస్తారు. గుర్రం ఒంటి బరువును రవ్వంత ముందుకు మార్చిందా, ఆ క్షణమే వదలాలి. ఆలస్యమైతే అది ఇంకేదో నేర్చుకుంటుంది. బెదిరి వెనక్కి గుంజినప్పుడు చెయ్యి జారితే, గుంజితే విడుదల దొరుకుతుందని నేర్చుకుంటుంది. అందుకే గుంజాల్సినంత భయం పుట్టకముందే ఆగడం ఈ విద్యలో సగం. వీరి శిష్యుడు బక్ బ్రానమన్ చిన్నప్పుడు తండ్రి చేతిలో క్రూరమైన దెబ్బలు తిన్నవాడు. 1998లో వచ్చిన 'ది హార్స్ విస్పరర్' సినిమాకు గుర్రాల సలహాదారు ఆయనే. దెబ్బలు తిన్న ప్రాణి దగ్గర ఎలా నిలబడాలో ఆయనకు తెలుసునంటే నమ్మబుద్ధవుతుంది.

టార్పాలిన్ పట్టాకు బెదిరే గుర్రం ఒకటుందనుకుందాం. పట్టాను దాని దగ్గరికి తేవడం అందరూ చేసే పొరపాటు. అలా కాకుండా ఒకరు పట్టాను ఈడ్చుకుంటూ ముందు నడవాలి, గుర్రాన్ని ఆ వెనకే దూరంగా నడిపించాలి. తననుంచి దూరంగా పోయేది పులి కాదని దానికి అర్థమవుతుంది. కాసేపటికి చెవులు ముందుకు వస్తాయి, మెడ దిగుతుంది, వాసన చూడాలన్న ఆశ పుడుతుంది. అది ఇంకా నెమ్మదిగా ఉండగానే పక్కకు తిప్పి కొంచెం తిరగనివ్వాలి. భయపడి తప్పుకోవడం వేరు, భయపడకముందే మనం తప్పించడం వేరు. ఈ రెండోదాంతోనే మన మాట నమ్మదగిందని దానికి తెలుస్తుంది. తర్వాత పట్టాను చిన్నగా మడిచి నేలమీద పెడతారు. ముక్కు ఆనించే పని గుర్రానికే వదిలేస్తారు. బిగిసిన పెదవులు, గట్టిపడిన గడ్డం, పిరుదులకు అదిమిన తోక, ఆగిన ఊపిరి కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి దిగాలి. ఇది మొదటి నుంచి చివరిదాకా రెండు పక్కలా చేయాలి, ఎందుకంటే అదే వస్తువు మరో వైపునుంచి కొత్తగా తోచవచ్చు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్రాలకు అలవాటైన ఒక ఆటవస్తువును 90 డిగ్రీలు తిప్పి పెడితే, కొత్తదాన్ని చూసినట్టే బెదిరాయి.

మరో దారి కూడా ఉండేది. ఒహాయోకు చెందిన జాన్ రేరీ ఇంగ్లండు వచ్చి, పొగరుబోతని పేరుపడ్డ క్రూజర్ అనే గుర్రాన్ని 1858లో లొంగదీశాడు. ముందుకాలు మడిచి పట్టీతో కట్టి, పెనుగులాడి అలిసి నేలమీద పడుకునేలా చేసి, ఆపైన ప్రేమగా నిమిరేవాడు. కొరడాల కాలంలో అది దయగల పద్ధతిగానే కనిపించింది. కానీ పారిపోయే దారి మూసేశాక ఊరుకున్న గుర్రం ధైర్యం తెచ్చుకున్నట్టు కాదు. ఆశ వదులుకుని కూడా ఊరుకుని ఉండవచ్చు. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు తీర్పు చెప్పడమే గుర్రాలకు జరిగిన పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. మెట్టుమెట్టుగా అలవాటు చేయడమే మేలని చూపిన ప్రయోగమూ ఉంది. డెన్మార్క్‌లో 27 లేత మగ గుర్రాలను మూడు జట్లుగా చేసి, కదిలే తెల్లని నైలాన్ సంచిని అలవాటు చేశారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల్లో, మెట్టుమెట్టుగా పరిచయం చేసిన జట్టులో అన్నీ కుదురుకున్నాయి. మిగతా రెండు జట్లలో కొన్ని కుదురుకోలేదు.

హైదరాబాద్‌లో బరాత్ ముందు నిలబడే తెల్లగుర్రాన్ని చూసినప్పుడల్లా ధైర్యానికీ ఆశ వదులుకోవడానికీ ఉన్న ఆ తేడాయే నాకు గుర్తొస్తుంది. చుట్టూ బ్యాండు, జనరేటరు, లైట్లు, టపాసులు. గుర్రం కదలదు. దాని కంటి తెల్లగుడ్డు, ముక్కుపుటాలు, చెవులు చూసేవాళ్ళు తక్కువ. దానికి సాయపడటం పెళ్ళివారి చేతుల్లోనే ఉంది. అలవాటుపడ్డ గుర్రం పక్కనుంటే కొత్త గుర్రం తక్కువ బెదురుతుంది కాబట్టి వీలైతే రెంటినీ కలిపి మాట్లాడుకోవచ్చు. టపాసులు గుర్రం దూరంగా వెళ్ళాక కాల్చమనవచ్చు. బ్యాండును కొంత ముందుకు నడవమనవచ్చు. వరుడు ఎక్కేముందు రెండు నిమిషాలు ఆగి, సాయిసును దాని మూపు దగ్గర గోకనివ్వవచ్చు.