విమానంలో ఇన్సులిన్

షుగర్ ఉన్నవారు విమానమెక్కేటప్పుడు ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ చేసిన పెట్టె దారితప్పవచ్చు. సామాను అరలో చలికి మందు గడ్డకట్టనూవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా ఇక పనికిరాదు.

కృష్ణా డెల్టాలో చలికన్నా ముందు ఎండ ఎదురవుతుంది. మే నెలలో గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో గన్నవరం విమానాశ్రయానికి వచ్చేవారు మందుల సంచిని కారు డిక్కీలో పెట్టకూడదు. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. వాడుకలో ఉన్నది 30 డిగ్రీలు దాటనివ్వకపోతే చాలా రకాలు నాలుగు వారాలు నిలుస్తాయి. ఐస్ ప్యాక్ మాత్రం సీసాకు నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డ ఉండాలి.

తనిఖీలో మందులకు ద్రవాల 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి మినహాయింపు ఉంది. సిరంజిల అవసరాన్ని తెలిపే డాక్టరు చీటీ చేతిలో ఉంటే చాలు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు తప్పక చెప్పాల్సింది, చాలామంది చెప్పనిది, సీసాలోని మందు గాఢత. ఇక్కడ దొరికే సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటి సిరంజికి ఎర్ర మూత. అమెరికాలో మామూలుగా దొరికేది 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజరంగు మూత. అక్కడి సీసాలోంచి ఇక్కడి సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. ప్రాణం మీదికొచ్చే తేడా ఇది. ఇక్కడి సీసాకు అక్కడి సిరంజి వాడితే అదే 20 గీతకు అందేది 8 యూనిట్లే. అందుకే సీసాతోపాటు దానికి సరిపడే సిరంజిలనూ ఇక్కడినుంచే, ఉండబోయే రోజులకు మించి తీసుకెళ్లాలి. పెన్ను వాడేవారికి గీతల తికమక లేదు.

భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను ట్రే ఎదుటికి వచ్చేదాకా వేసుకోకూడదు. విమానం కుదుపుల్లో పడితే వడ్డన ఆగిపోతుంది. షుగర్ 70కి దిగువకు పడితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి.

పడమరకు వెళ్తుంటే రోజు సాగుతుంది. డల్లాస్‌కు వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. రోజుకొకసారి వేసుకునే ఇన్సులిన్ వేళను ఎలా జరపాలో డాక్టరు ముందే రాసివ్వాలి. తిరుగు ప్రయాణంలో రోజు కుంచించుకుపోయి రెండు మోతాదులు దగ్గరపడతాయి కాబట్టి, దానికి వేరే పట్టిక కావాలి.