ఊపిరికి కూలి

ఉద్దానం పెళ్ళి కథల్లో బేండు మేళం ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. బాజాలు మోగుతున్నాయని రాసి రచయిత పెళ్ళికూతురి కన్నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు. ఊరేగింపు ముందు క్లారినెట్టు ఊదేవాడికి ఆ రాత్రి కూలి ఎంత, బయానా ఎవరు తీసుకున్నారు, ఆషాఢంలోనూ మూఢంలోనూ అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది అని అడిగిన కథ అరుదు. అదే మనిషి ఆ పనిలేని నెలల్లో పలాసలో జీడిపిక్కలు వేయించే పనికి కుదిరితే మాత్రం మనకు కార్మికుడై కనిపిస్తాడు, కథావస్తువు అవుతాడు! ఊపిరి ఖర్చయితే అది శ్రమ కాదా?

ఈ చిన్నచూపు మన ఒక్కరిదే కాదు. మొజార్ట్ 1791లో క్లారినెట్టుకు రాసిన కన్చెర్టో లోకప్రసిద్ధం. వియన్నా రాజాస్థానపు వాద్యబృందంలో జీతానికి ఊదే ఆంటన్ స్టాడ్లర్ కోసం రాసిన రచన అది. మామూలు క్లారినెట్టుకు అందని మంద్రస్వరాలు పలికే పొడవాటి వాద్యం అతనిది. మొజార్ట్ చేతిరాత ప్రతి పోయింది. 1801లో అచ్చువేసినవారు ఆ మంద్రస్వరాలను పై స్థాయికి మార్చి మామూలు వాద్యానికి సరిపెట్టారు. 1802లోనే లైప్‌జిగ్ సంగీత పత్రికలో ఒక సమీక్షకుడు ఈ మార్పును ఎత్తిచూపాడు (విమర్శకుడి పని అంటే అదీ). అయినా దాదాపు నూటయాభై ఏళ్ళు లోకం మార్చిన పాఠాన్నే విన్నది. ఆ వాద్యం ఎలా ఉండేదో చూపే బొమ్మ, 1794 నాటి రీగా కచేరీ కరపత్రం మీద, 1992లో గాని బయటపడలేదు. మొజార్ట్ మీద గ్రంథాలు గుట్టలుగా ఉన్నాయి. స్టాడ్లర్ చేతిలో ఉన్నదేమిటో చూడడానికి రెండువందల ఏళ్ళు పట్టింది.

మన ఇంటి సంగతి చూద్దాం. బొడ్డపాడు నుంచి జముకుల కథతో ఊళ్ళను కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆయన పాటలు అచ్చువేశాం, వస్తువును చర్చించాం, వర్ధంతులు జరిపాం. మంచిదే. కాని జముకు నరం ఏ లయలో పలికింది, వంత ఎక్కడ అందుకుంది, ఎక్కడ నడక మారితే జనం సర్దుకుని కూర్చున్నారు అనేవి ఎంతమంది రాసిపెట్టారు? మన విమర్శ కాగితం మీద మిగిలిన మాటను మాత్రమే సాహిత్యమనుకున్నది. అచ్చువేసినవారు స్టాడ్లర్‌కు చేసిందీ ఇదే.

ఇది రూపవాదమని కొందరు మిత్రులు అనవచ్చు. వాయించినవాడిని వదిలేసి పదాలను మాత్రం పట్టుకోవడాన్నే నేను రూపవాదమంటాను.

సన్నాయి, డోలు మంగలివారి కులవృత్తి. క్లారినెట్టు తెల్లవాళ్ళ సైనిక బేండ్ల నుంచి వచ్చింది, దానికి పుట్టుకతో కులం లేదు. ఎర్రకోటు, టోపీ వేసుకున్నంత మాత్రాన ఊదేవాడి కులాన్ని మన ఊరు మరచిపోయిందా? టెక్కలి, పలాస యువరచయితలు దీన్ని పరిశీలించాలి. రీడు ఎక్కడ కొంటారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వయసు మీదపడి దమ్ము తగ్గాక ఏం చేస్తారో అడగండి. ఊరేగింపు దిగాక వాళ్ళకు ఎన్నో బంతిలో విస్తరి వేశారో అది కూడా రాయండి.